మెయిలులో రాసిన ఆ ఒక్క వాక్యం

పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుంచి, పేరు వేయవద్దన్న మాటతో మొదలుపెట్టి, ఇరవై ఏళ్ల విద్యార్థిని ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమె ఒక ప్రైవేటు కళాశాలలో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ కెమిస్ట్రీ చదువుతున్నారు. ఇప్పుడు ఐదో సెమిస్టరు. తండ్రి రైసు మిల్లులో గుమస్తా. తల్లి ఇల్లు చూసుకుంటూ డ్వాక్రా సంఘం లెక్కలు రాస్తారు. వచ్చే వేసవిలో విదేశంలోని ఏదైనా కెమిస్ట్రీ ల్యాబులో రెండు మూడు నెలలు పనిచేసి రావాలన్నది ఆమె కోరిక. ఒక సీనియర్ ఇచ్చిన నమూనాను పెట్టుకుని అరవై ఒక్క మంది ప్రొఫెసర్లకు మెయిళ్లు పంపితే ఇద్దరు జవాబిచ్చారు. ఒకరు ఖాళీ లేదన్నారు. జర్మనీలో లోహ ఉత్ప్రేరకాల మీద పనిచేసే మరొకరు, మే నుంచి జూలై వరకు రావచ్చుననీ, ఇవ్వడానికి తన దగ్గర నిధులు మాత్రం లేవనీ రాశారు. జర్మనీ విద్యా వినిమయ సంస్థ డాడ్ ఇచ్చే వైజ్ ఇంటర్న్‌షిప్పు పథకానికి దరఖాస్తు చేద్దామంటే, అర్హత ఉన్న విద్యాసంస్థల జాబితాలో తన కళాశాల పేరు లేదు.

ఇంతలో హైదరాబాదులోని ఒక ఏజెన్సీ నుంచి ఫోను వచ్చింది. 2,85,000 రూపాయలు కడితే యూరప్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఎనిమిది వారాల పరిశోధన ఇంటర్న్‌షిప్పు, సర్టిఫికెట్టు, ఆమె పేరుతో ఒక పరిశోధన పత్రం ఇప్పిస్తామన్నారు. దసరా లోపు లక్ష కడితే సీటు ఖాయమట. తల్లి తన నానుతాడు, రెండు జతల గాజులు తాకట్టు పెడతానంటున్నారు. తండ్రి ఏమీ అనడం లేదు. మేనమామ మాత్రం, శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు మన భీమవరం వాడే, ఆయనా అప్పు సొప్పు చేసే అమెరికా వెళ్లాడు కదా అంటున్నారు. కాలేజీలో కెమిస్ట్రీ మాస్టారేమో, ముందు మన దేశంలోని సైన్సు అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయమనీ, హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్న తన పాత విద్యార్థితో మాట్లాడతాననీ చెప్పారు. హైదరాబాదుతో సరిపెట్టుకుంటే ఓడిపోయినట్టే ఉంటుందని ఈమె బాధ. ఏజెన్సీకి డబ్బు కట్టాలా, జర్మనీ వెళ్లాలా, హైదరాబాదులోనే ఉండాలా అన్నది ఈమె ప్రశ్న.

చివరి పేజీలో వేరే రంగు సిరాతో నాలుగు వాక్యాలున్నాయి. సీనియర్ ఇచ్చిన నమూనాలో ఉన్నది ఉన్నట్టే ఉంచేయడం వల్ల, కాలమ్ క్రోమటోగ్రఫీలోనూ (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసే పద్ధతి) ఎన్ఎంఆర్‌లోనూ (అణువు నిర్మాణాన్ని తెలిపే పరీక్ష) తనకు స్వయంగా చేసిన అనుభవం ఉందని ఆ మెయిళ్లన్నిటిలోనూ వెళ్లిపోయిందట. నిజానికి ఆ రెండూ ఆమె ఎన్నడూ చేయలేదు. రెండో ఏడాది తర్వాత చేయాల్సిన ఇంటర్న్‌షిప్పును ఆన్‌లైన్‌లో వీడియోలు చూసి ముగించారు. సాల్వెంటును ఆవిరి చేసి తీసేసే రోటరీ ఎవాపరేటరు (రోటా) కళాశాల ల్యాబులో ఒక్కటే ఉంది, అదీ అద్దాల బీరువాలో. దాని తాళం తీయగా ఆమె చూడలేదు.

మీ ఉత్తరాన్ని నేను వెనక నుంచి ముందుకు చదివాను. మీరు అడిగింది డబ్బు గురించి, దేశం గురించి. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మాత్రం ఆ నాలుగు వాక్యాల్లో ఉంది. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

జర్మనీ వెళ్లారనే అనుకుందాం. మొదటి వారం భద్రతా శిక్షణ, తాళం చెవులు, కాగితాలు. రెండో వారం మీకు మార్గదర్శిగా పెట్టిన పరిశోధక విద్యార్థి తన రియాక్షన్ మిశ్రమాన్ని మీ చేతికిచ్చి, కాలమ్ వేసి పదార్థాన్ని వేరుచేయమంటాడు. సిలికాను సాల్వెంటులో కలిపి గాజు గొట్టంలో పోయాలి, గాలి బుడగలు మిగలకుండా గొట్టాన్ని తట్టాలి, పైన సాల్వెంటు మట్టం సిలికా కంటే దిగిపోకుండా చూస్తూ ఉండాలి. ఒక్క రెండు నిమిషాలు ఏమరిస్తే సిలికా ఎండి నిలువునా బీట వేస్తుంది. ఆ బీటలోంచి మీ పదార్థం, మలినం కలిసే కిందికి దిగిపోతాయి. తొలిసారి వేసిన ప్రతివాళ్లకూ ఇది జరుగుతుంది, జరిగినా తప్పు లేదు. అనుభవం ఉందని రాసినవాళ్లకు జరిగితే మాత్రం ఆ మార్గదర్శి ముఖం మారుతుంది. ఎన్ఎంఆర్ సంగతి ఇంకా తేలిగ్గా బయటపడుతుంది. స్పెక్ట్రమ్‌లో 7.26 దగ్గర ఉన్న పీక్ ఏమిటని ఎవరో మాటవరసకు అడుగుతారు. అది పదార్థానిది కాదు, సాల్వెంటుగా వాడిన డ్యుటీరియేటెడ్ క్లోరోఫామ్‌లో మిగిలిన మామూలు క్లోరోఫామ్‌ది. ఒక్కసారి ఎన్ఎంఆర్ తీసినవాళ్లకైనా ఆ అంకె నోటికి వచ్చేస్తుంది. మీరు తడుముకోవడంలోనే సంగతి తెలిసిపోతుంది.

ఇవి జరిగినంత మాత్రాన ఎవరూ మిమ్మల్ని వెనక్కి పంపరు. జరిగేది అంతకంటే మెల్లగా ఉంటుంది. మీకు విలువైన పదార్థాలు ఇవ్వడం మానేస్తారు. గాజు సామాను కడగడం, టీఎల్సీ (పలుచని పొర మీద పదార్థాలను వేరుచేసి చూసే పరీక్ష) ప్లేట్లు కోసిపెట్టడం మీ వంతు అవుతుంది. తిరిగి వచ్చేటప్పుడు అందరూ నవ్వుతూనే సాగనంపుతారు, కానీ ఆ తర్వాత రెండేళ్లకు మీరు సిఫారసు లేఖ అడిగితే ‘సమయానికి వచ్చేది, మర్యాదస్థురాలు’ అని రెండు వాక్యాలు వస్తాయి. మాస్టారుగా పనిచేసినన్నాళ్లూ అలాంటి లేఖలు రాశాను, చదివాను కూడా. సమయపాలనను మెచ్చుకుంటూ మొదలైన సిఫారసు లేఖ అంటే దరఖాస్తును పక్కన పెట్టవచ్చునని ఎంపిక సంఘాలకు అర్థమవుతుంది.

కాబట్టి, వెళ్లినా వెళ్లకపోయినా, ఆ ప్రొఫెసరుకు ఒక సవరణ రాయడం గురించి ఆలోచించండి. పెద్ద క్షమాపణ పత్రం అక్కర్లేదు. ఇలా రాయండి: ‘మీ ఆహ్వానానికి కృతజ్ఞతలు. నా మొదటి మెయిలులో ఒక పొరపాటు ఉంది. కాలమ్ క్రోమటోగ్రఫీ, ఎన్ఎంఆర్ గురించి నేను పాఠంగా చదివానే తప్ప చేతులతో చేయలేదు. టైట్రేషన్లు, సాల్ట్ ఎనాలిసిస్, ఆస్పిరిన్ తయారీ, రీక్రిస్టలైజేషన్, ద్రవీభవన స్థానం చూడటం చేశాను. వచ్చే వేసవి లోపు మొదటి రెండూ నేర్చుకునే ప్రయత్నంలో ఉన్నాను.’ ఇంత చాలు. దీనివల్ల ఆయన ఆహ్వానాన్ని వెనక్కి తీసుకునే అవకాశం ఉంది, అది మీకు దాచను. మీరు నిజంగా ఏమి చేయగలరో తెలుసుకుని, దానికి తగిన పని ఇచ్చే అవకాశమూ ఉంది. డిగ్రీ విద్యార్థికి అన్నీ వచ్చి ఉంటాయని ఏ ప్రొఫెసరూ అనుకోడు. ఏది రాదో చెప్పేవాళ్లు తక్కువ. రాయకుండా ఊరుకోవడమూ ఒక దారే. దాన్ని ఎంచుకుంటే వేసవి లోపు ఆ వాక్యాన్ని నిజం చేయాల్సిన భారం మీ మీద పడుతుంది, అది కూడా అసాధ్యమేమీ కాదు. తక్కిన అరవై మందికి సవరణ పంపనక్కర్లేదు గాని, ఆ నమూనాను మాత్రం ఇకపై ఎవరికీ ఇవ్వకండి.

ఇక డబ్బు. ఏజెన్సీ విషయంలో నాకు మొహమాటం లేదు, అయినా నిర్ణయం మీదే కనుక కారణాలు చెబుతాను. విద్యార్థులను ఎంపిక చేసి పిలిచే ప్రసిద్ధ పథకాలు ఎదురు డబ్బిస్తాయి తప్ప విద్యార్థి దగ్గర లక్షలు తీసుకోవు. మీకు ఫోను చేసినవారిని అడగాల్సినవి ఉన్నాయి: నన్ను తీసుకునే ప్రొఫెసరు ఎవరు, ఆయన విశ్వవిద్యాలయ చిరునామా నుంచి నాకు నేరుగా మెయిలు రాస్తారా, నాకు ఏ తరగతి వీసా వస్తుంది, ల్యాబులో ప్రమాదం జరిగితే బీమా ఎవరిది, వీసా రాకపోతే కట్టిన లక్షలో ఎంత తిరిగి ఇస్తారు. పర్యాటక వీసా మీద పంపి ‘అక్కడ అన్నీ మేం చూసుకుంటాం’ అంటే మాత్రం అక్కడితో ఆగండి. చెప్పిన పని ఒకటి, చేసిన పని ఒకటి అని వీసా అధికారుల రికార్డులో పడితే రేపు ఎమ్మెస్సీకో పీహెచ్‌డీకో వెళ్లేటప్పుడు అది మీ ముందే కూర్చుంటుంది. ఎనిమిది వారాల్లో పరిశోధన పత్రం అన్న హామీ ఒక్కటి చాలు నాకు. రసాయనశాస్త్రంలో ఎనిమిది వారాలంటే, ఒక రియాక్షన్ మూడుసార్లు చేస్తే మూడుసార్లూ దాదాపు ఒకే దిగుబడి వచ్చేలా చేయి కుదురుకునే కాలం. పని మొదలు కాకముందే పత్రం ఖాయమన్నారంటే, ఆ పత్రం మీ పని మీద ఆధారపడి ఉండదన్నమాట.

ఇలాంటి వాటిలో అన్నీ మోసాలే అనను. కొన్ని నిజంగానే విశ్వవిద్యాలయానికి తీసుకెళతాయి. నాలుగు ఉపన్యాసాలు, ల్యాబుల సందర్శన, గ్రూపు ఫొటో, సర్టిఫికెట్టు. దాన్ని విహారయాత్రగా లెక్కగట్టి, ఆ డబ్బు మీ ఇంట్లో అదనంగా ఉంటే వెళ్లవచ్చు. అమ్మ నానుతాడు తాకట్టు పెట్టి వెళ్లే విహారయాత్ర అవునో కాదో మీరే చెప్పాలి.

జర్మనీ ఆహ్వానం అలా కాదు, అది నిజమైనది. కానీ అది కూడా ఉచితం కాదు. విదేశీ విద్యార్థి నెలకు కనీసం ఎంత ఖర్చు పెట్టగలగాలని జర్మనీ చూసే మొత్తం 2024 సెప్టెంబరు నుంచి 992 యూరోలు. మూడు నెలలకు దాదాపు మూడు వేల యూరోలు; యూరో వంద రూపాయలకు అటూ ఇటూగా ఉన్న రోజుల్లో ఇదే సుమారు మూడు లక్షలు. విమాన టిక్కెట్టు, వీసా రుసుము, ప్రయాణ బీమా దీనికి అదనం. అన్నీ కలిపితే ఏజెన్సీ అడిగినదానికంటే ఎక్కువే అవుతుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ ప్రతి రూపాయీ మీ తిండికీ గదికీ పోతుంది, మిమ్మల్ని పిలిచిన మనిషి మీకు తెలుసు, అక్కడ నిజంగా బెంచీ ముందు నిలబడతారు.

అంత మొత్తం లేదు కనుక ఆయనకు వద్దని రాయాలా? తొందరపడకండి. ‘నిధులు లేవు’ అన్న మాటకు, నా గ్రాంటులో లేవు అన్న అర్థం కూడా ఉండవచ్చు. విశ్వవిద్యాలయంలో అతిథి విద్యార్థులకు సహాయమేదైనా ఉందా, ఎనిమిది వారాలకు తగ్గించుకుంటే వీలవుతుందా, హాస్టలు గది ఇప్పించగలరా అని సవరణ మెయిలులోనే మర్యాదగా అడగవచ్చు. ఇంకొకటి కూడా అడగవచ్చు, నాకు బాగా నచ్చేది ఇదే: ఈ ఏడాది రాలేకపోతున్నాను, నాలుగో ఏడాదిలోనో ఎమ్మెస్సీలోనో స్కాలర్‌షిప్పు తెచ్చుకుంటే అప్పటికీ ఈ ఆహ్వానం ఉంటుందా అని. ఎమ్మెస్సీకి మీరు చేరే సంస్థ డాడ్ జాబితాలో ఉండవచ్చు. అప్పుడు ఈ పాత మెయిలే మీకు సగం దరఖాస్తు. ఆయన మరిచిపోయే ప్రమాదం ఉంది నిజమే. ఆరు నెలలకొకసారి, మీరు కొత్తగా ఏం నేర్చుకున్నారో రెండు వాక్యాలు రాస్తూ ఉంటే ఆ ప్రమాదం తగ్గుతుంది.

వెళ్లడమే ఖాయమైతే బీమా గురించి ప్రొఫెసరును నేరుగా అడగండి. యూరప్ దేశాల ఉమ్మడి షెంగెన్ వీసాకు తప్పనిసరిగా తీసుకునే 30,000 యూరోల ప్రయాణ బీమా ఆసుపత్రి ఖర్చుల కోసం; మీ చేతిలో పరికరం పాడైతేనో, ల్యాబులో మంట లేస్తేనో ఎవరు బాధ్యులన్నది వేరే ప్రశ్న. లోహ ఉత్ప్రేరకాల ల్యాబు అంటే గాలి తగిలితే భగ్గుమనే రసాయనాలు కూడా ఉంటాయి. 2008 డిసెంబరులో లాస్ ఏంజెలిస్‌లోని ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో, 23 ఏళ్ల సహాయకురాలు టెర్షియరీ బ్యూటైల్ లిథియంను సిరంజిలోకి లాగుతుండగా పిస్టను ఊడి వచ్చి ద్రవం ఒంటి మీద పడింది. ల్యాబ్ కోటు లేదు, వేసుకున్నది సింథటిక్ స్వెట్టరు. పద్దెనిమిది రోజులకు ఆమె చనిపోయారు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. అనుభవం ఉందని కాగితం మీద రాసి ఉన్న మనిషికి సిరంజి ఇచ్చి పక్కకు వెళ్లిపోవడం ఎవరైనా చేసేదే. మీ ఆ ఒక్క వాక్యాన్ని నేను ఇంతగా పట్టుకోవడానికి ఇది కూడా కారణం.

డబ్బిచ్చి పిలిచే పథకాలు మీరు అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి, అయితే మీ సీనియర్ల గ్రూపుల్లో తిరిగే పేర్లన్నీ మీకు వర్తించవు. అమెరికాలో డిగ్రీ విద్యార్థుల కోసం నడిపే ఆర్ఈయూ పరిశోధన కార్యక్రమంలో ప్రభుత్వ నిధులతో ఇచ్చే భృతి అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. డాడ్ వారి రైజ్ జర్మనీ ఉత్తర అమెరికా, బ్రిటన్, ఐర్లాండుల్లో చదివే విద్యార్థులది. ఆ రెండింటి మీద సాయంత్రాలు వృథా చేయకండి. కెనడా వారి మిటాక్స్ గ్లోబలింక్ పన్నెండు వారాల కార్యక్రమం. దాని గడువు సాధారణంగా సెప్టెంబరులోనే ముగుస్తుంది కనుక ఈసారికి అది దాటిపోయినట్టే. జపాన్‌లో ఒకినావా శాస్త్ర సాంకేతిక సంస్థ ఏ దేశపు విద్యార్థినైనా ఇంటర్నుగా తీసుకుంటుంది. టిక్కెట్టు, వసతి, రోజువారీ భత్యం వారే ఇస్తారు, మీకు ఇష్టమైన ఉత్ప్రేరక రసాయనం మీద పనిచేసే బృందమూ అక్కడ ఉంది. సౌదీ అరేబియాలోని కౌస్ట్ విశ్వవిద్యాలయం మూడు నుంచి ఆరు నెలలకు సందర్శక విద్యార్థులను తీసుకుని భృతి, వసతి, విమాన ఖర్చు ఇస్తుంది. మూడు నెలలకు తక్కువైతే కుదరదు కనుక మీ సెమిస్టరు తేదీలతో సరిచూసుకోవాలి. వీటికి పోటీ ప్రపంచమంతటి నుంచీ ఉంటుంది. రెండింటికీ వేసి రెండూ రాకపోతే మీలో లోపమని అనుకోవద్దు. వేయడానికి ఖర్చయ్యేది నాలుగు ఆదివారాలు. నిబంధనలు ఏటా మారుతుంటాయి, వారి సొంత ప్రకటననే చదవండి, ఎవరో పెట్టిన స్క్రీన్‌షాటును కాదు.

హైదరాబాదు గురించి మీరు రాసిన మాట నాకు కొంచెం గుచ్చుకుంది. తార్నాకలోని ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) 1944లో పుట్టింది. సింథటిక్ ఆర్గానిక్ కెమిస్ట్రీ నేర్చుకోవాలంటే యూరప్‌లో చాలా ఊళ్లకంటే అది మంచి చోటు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో స్కూల్ ఆఫ్ కెమిస్ట్రీ ఉంది, కందిలో ఐఐటీ ఉంది, టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) ఉంది, ఇటు తిరుపతిలో ఐసర్ (సైన్సు విద్యా పరిశోధన సంస్థ) ఉంది. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగరాజ్‌లలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌లో ఎనిమిది వారాలు ఇలాంటి చోట్ల పనిచేయవచ్చు; భృతి కూడా ఉంటుంది. దరఖాస్తుల కాలం ఇప్పుడే, అక్టోబరు నవంబరుల్లో. మీరు రాసే వ్యాసం, ఒక మాస్టారి సిఫారసు కావాలి. (మొదటి ఏడాది పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, డిగ్రీ విద్యార్థుల కోసం ముంబైలోని హోమీ భాభా కేంద్రం నడిపే ఎన్ఐయూఎస్ సైన్సు కార్యక్రమం గురించి ఇప్పుడే తెలుసుకోండి, మూడో ఏడాదికి వచ్చాక దాని పేరు విని బాధపడేవాళ్లను చాలామందిని చూశాను.)

ఇక్కడ ఎనిమిది వారాలు పనిచేయడం వల్ల మీకు దొరికేది, ఇప్పుడు మీ దగ్గర లేనిదే. రోజుకు ఇరవై టీఎల్సీ ప్లేట్లు పెడతారు. పెన్సిలుతో గీత, కేశనాళికతో చుక్క, యూవీ దీపం కింద చుక్క ఎంత ఎత్తుకు పోయిందో చూడటం. నాలుగో రోజుకు చేయి వణకడం మానేస్తుంది. ప్రశ్న అర్థం కానప్పుడు తెలుగులో అడగవచ్చు, దాని విలువ అక్కడికి వెళ్లాక తెలుస్తుంది. ఇంకొకటి: యూజీసీ 2022లో తెచ్చిన చట్రం ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం వస్తే నాలుగో ఏడాదిని పరిశోధనతో చేసే వీలుంది. మీ కళాశాలలో ఆ వసతి ఉందో లేదో ఇప్పుడే అడగండి. విదేశానికి ఈ వేసవిలో వెళ్లినా వెళ్లకపోయినా మీ ఐదు, ఆరు సెమిస్టర్ల మార్కులు దానికి ముఖ్యం. ఇందులో నష్టం లేదా అంటే, ఉంది. విదేశపు గాలి, కొత్త మనుషులు, ఇంటి నుంచి అంత దూరంలో నెగ్గుకురాగలనన్న ధైర్యం, ఇవి తార్నాకలో దొరకవు. ఆ కోరిక తప్పు కాదు, దానికి సిగ్గుపడనక్కర్లేదు.

మీ మేనమామ గారికి కూడా ఒక మాట. సుబ్బారావు గారు కాకినాడ సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ భరోసాతో, మామగారు సమకూర్చిన సొమ్ముతో 1920లలో బోస్టన్ చేరిన సంగతి నిజమే. కానీ ఆయన వెళ్లింది మద్రాసులో వైద్యవిద్య ముగించాక, హార్వర్డులో చేరి చదవడానికి. అక్కడ ఆసుపత్రిలో రాత్రి పూట పనివాడిగా చేసి ఖర్చులు వెళ్లదీసుకున్నారు. సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించింది 1925లో. నీలిరంగు ఎంత చిక్కగా వచ్చిందో చూసి ఫాస్ఫరస్ ఎంతుందో చెప్పే ఆ పద్ధతిని మన డిగ్రీ ల్యాబుల్లోనే, ఒక కలరిమీటరు ఉంటే, చేసి చూడవచ్చు. ఆయన కథ అప్పుకు సాక్ష్యంగా పనికొచ్చేదానికంటే, ఓపికకు సాక్ష్యంగా ఎక్కువ పనికొస్తుంది.

మీ నాన్నగారి మౌనాన్ని వద్దనడంగా తీసుకున్నారు మీరు. అవునో కాదో నాకు తెలియదు. మిల్లులో రోజంతా లెక్కలు రాసే మనిషి ముందు పైన చెప్పిన అంకెలన్నీ ఒక కాగితం మీద పెట్టి, ఏ దారికి ఎంత, ఏది ఎప్పటికి తేలుతుంది, ఏది పోతే ఎంత పోతుంది అని చూపించండి. అమ్మ, మావయ్య కూడా ఉన్నప్పుడే చూపించండి. ఏజెన్సీ వాళ్లు పెట్టిన దసరా గడువు వాళ్లది. మీ ఇంటి గడువు కానక్కర్లేదు.

ఈ వారంలో చేయదగ్గవి రెండు కనిపిస్తున్నాయి. మాస్టారు చెప్పిన ఆ పాత విద్యార్థికి ఫోను చేసి, సంక్రాంతి సెలవుల్లో నాలుగు రోజులు వాళ్ల ల్యాబులో నిలబడి చూడటానికి అనుమతి దొరుకుతుందేమో అడగండి. రెండోది, మాస్టారినే అడగండి, ఆ అద్దాల బీరువా తాళం ఎవరి దగ్గర ఉందని. రోటా తిప్పడానికి కావలసింది నీటి పంపు, గోరువెచ్చని నీళ్లు, పక్కన నిలబడే ఒక పెద్దమనిషి. ఆ మూడూ మీ కళాశాలలో ఉండే ఉంటాయి.